పరాయి పంచన సొంత ప్రభుత్వం



మా ఏర్పేడులోనైనా, మీ పట్నంలోనైనా, ఒకరి పంచన ఉంటూ మర్యాద నిలుపుకోవడం ఎంత కష్టమో మనకు తెలియంది కాదు. ఒకప్పుడు ఒక ప్రభుత్వానికే ఆ అవస్థ వచ్చింది.

1943 అక్టోబరు 21న నేతాజీ సుభాష్ చంద్రబోసు సింగపూరులో ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించారు. జపాను, జర్మనీలతో సహా తొమ్మిది ప్రభుత్వాలు దాన్ని గుర్తించాయి. మన హైదరాబాదు వాడైన ఆబిద్ హసన్ నేతాజీకి కుడిభుజంగా ఉన్నారు.

నవంబరులో టోక్యో సభలో జపాను ప్రధాని టోజో అండమాన్, నికోబార్ దీవులను ఈ ప్రభుత్వానికి అప్పగిస్తామన్నాడు. డిసెంబరు 30న పోర్ట్ బ్లెయిరులో నేతాజీ జెండా ఎగరేశారు. అయితే ఇల్లు ఇచ్చామంటూనే తాళంచెవులు మాత్రం జపాను నౌకాదళం దగ్గరే పెట్టుకుంది! నెల తిరిగిందో లేదో, 1944 జనవరి 30న గూఢచారులనే అనుమానంతో 44 మంది భారతీయులను జపాను సైనికులు అక్కడ కాల్చి చంపారు. కమిషనరుగా వెళ్ళిన లోగనాథన్ గారికి పోలీసుశాఖ ఇవ్వనే లేదు.

1945లో జపాను హచియా అనే దూతను రంగూనుకు పంపింది. ఆయన చేతిలో నియామక పత్రం లేదు. నేతాజీ ఆయన్ని చూడనన్నారు. ఆయుధాలకూ, తిండిగింజలకూ జపాను మీదే ఆధారపడి ఉండి, ఒక్క కాగితం కోసం ఇంత పట్టుదలా అంటారేమో! అది లేకుండా దూతను రానిస్తే, తమది జపాను చేతి కీలుబొమ్మ ప్రభుత్వమని తామే ఒప్పుకున్నట్టవుతుంది కదండీ. సాయం తీసుకున్నారు గానీ, ఆ మాట పడడానికి మాత్రం ఒప్పుకోలేదు.