లైసెన్సు గోడమీద... మందుగుండు గడ్డివాము పక్కన!
బాణసంచా నిబంధనల్లో అసలు మాట 'దూరం' - కొలిచేవారే కరువు

(గ్రామీణ విలేఖరి)

అమలాపురం: దీపావళి దగ్గర పడిందంటే గోదావరి డెల్టా పల్లెల్లో రెండు రకాల సందడి మొదలవుతుంది. ఒకటి పిల్లలది. అది అందరికీ కనిపిస్తుంది. రెండోది ఊరికి దూరంగా కొబ్బరితోటల్లో, చెరువుగట్ల వెనుక రేకుల షెడ్లలో సాగే మందుగుండు తయారీది. ఎక్కడో ఒకచోట పేలుడు వినిపించి, తెల్లారేసరికి పేపర్లో శవాల ఫొటోలు పడితే తప్ప దాని సంగతి ఎవరికీ పట్టదు.

బాణసంచాకు నిబంధనలు లేవా అంటే, లేకేం? కావలసినన్ని ఉన్నాయి. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ఉంది. దాని కింద 2008లో వచ్చిన నియమావళి ఉంది. సుప్రీంకోర్టు ఉత్తర్వులున్నాయి. ఇవన్నీ కలిపి చదివితే తేలే సారం ఒక్కటే. అది దూరం. మందుకూ నిప్పుకూ దూరం, కొట్టుకూ కొట్టుకూ దూరం, కొట్టుకూ కొంపకూ దూరం. ఈ దూరం పాటిస్తే ప్రమాదం జరిగినా ఒక షెడ్డుతో పోతుంది. పాటించకపోతే వీధికి వీధే అంటుకుంటుంది.

కళ్ళ ముందే జరిగినవి

ఇవి ఎక్కడో శివకాశి కబుర్లు కావు. 2014 అక్టోబరు 20న, దీపావళి ఇంకా రెండుమూడు రోజులుందనగా, అప్పటి తూర్పు గోదావరి జిల్లా యు.కొత్తపల్లి మండలం వాకతిప్పలో బాణసంచా తయారీ కేంద్రం పేలి పదిమందికి పైగా చనిపోయారు. వారిలో పలువురు కూలికి వచ్చిన ఆడవాళ్ళే. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలో ఎనిమిది మంది బలయ్యారు. అదే ఏడాది అక్టోబరు 8న మన పక్కనే రాయవరం మండలంలో మరో కేంద్రం పేలి ఆరుగురికి పైగా మరణించారు.

ఈ తేదీలను గమనించాలి. రెండు ప్రమాదాలు దీపావళికి ముందు పని ఒత్తిడి ఎక్కువగా ఉండే రోజుల్లో జరిగాయి. మూడోది జరిగింది ఏప్రిల్‌లో. అంటే బాణసంచా ఇప్పుడు ఒక్క దీపావళి సరుకు కాదు. పెళ్ళి ఊరేగింపులకు, అమ్మవారి జాతరలకు, సంక్రాంతి ప్రభల తీర్థాలకు, ఎన్నికల గెలుపులకు, సినిమా విడుదలలకు కూడా జువ్వలు లేవాల్సిందే, ఔట్లు పేలాల్సిందే. తయారీ ఏడాది పొడవునా సాగుతుంటే తనిఖీలు మాత్రం దీపావళికి వారం ముందు మొదలై, పండుగ మర్నాటితో ముగియడం శోచనీయం.

పదిహేను కిలోల లెక్క

పేలుడు జరగగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, "లైసెన్సు ఉందా?" అని. ఉంటే ఒక రకం వార్త, లేకపోతే మరో రకం వార్త. నిజానికి అడగవలసిన ప్రశ్న అది ఒక్కటే కాదు. లైసెన్సు ఎంత సరుకుకు ఇచ్చారు, పేలిన రోజున లోపల ఎంత సరుకు ఉంది అన్నది అసలు ప్రశ్న.

జిల్లా యంత్రాంగం ఇచ్చే తయారీ లైసెన్సు చాలా చిన్నది. ఏ సమయంలోనైనా 15 కిలోలకు మించి మందుగుండు ఉండరాదు. అంతకు మించితే కేంద్ర ప్రభుత్వ పేలుడు పదార్థాల భద్రతా సంస్థ నుంచి అనుమతి తెచ్చుకోవాలి. దాని ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది. పదిహేను కిలోలంటే అరబస్తా బియ్యం కంటే కాస్త ఎక్కువ. పెద్ద పెళ్ళి ఒక్కటి ఒప్పుకుంటే ఆ సరుకు చాలదు. దీపావళి ఆర్డర్లకు ఏపాటి? అందుకే కాగితం మీద పదిహేను కిలోలు, షెడ్డులో బస్తాలు అన్న పరిస్థితికి దారి ఏర్పడుతోంది.

మందు కలిపే గదిలో నలుగురికి మించి పనిచేయకూడదన్నది ఈ పరిశ్రమలో పాటించవలసిన కట్టుబాటు. మందు కలిపే చోటు వేరు, నింపే చోటు వేరు, ఆరబెట్టే చోటు వేరు, తయారైన సరుకు నిల్వచేసే చోటు వేరుగా ఉండాలి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల్ని పనిలో పెట్టరాదు. కాని పండుగ ముంగిట ఆర్డర్లు పెరిగినప్పుడు ఒకే కప్పు కింద పదిమంది కూర్చుని మందు కూరడం, పక్కనే తయారైన సరుకు పేర్చడం జరిగితే ఒక్క నిప్పురవ్వ చాలు. ఇనుప పనిముట్టు గచ్చుకు తగిలినా, కలిపిన మందు చెమ్మగిల్లి వేడెక్కినా అంటుకోవచ్చు. అల్యూమినియం పొడి కలిసిన మందుకు తడి తగిలితే దానంతటదే వేడెక్కుతుందన్న సంగతి పనివారిలో ఎందరికి తెలుసు?

పందిరి కింద అమ్మకాలా?

ఇక అమ్మకాల సంగతి. పండుగకు పెట్టే తాత్కాలిక దుకాణాలకు 2008 నియమావళిలో స్పష్టమైన నిబంధనలున్నాయి. అవి గ్రామస్థులందరూ తెలుసుకోదగినవి.

దుకాణం మండే వస్తువులతో కట్టినది కాకూడదు. అంటే తాటాకు పందిరి, గుడ్డ షామియానా, వెదురు తడికె పనికిరావు. రేకుల షెడ్డు కావాలి. షెడ్డుకూ షెడ్డుకూ మధ్య కనీసం 3 మీటర్లు ఎడం ఉండాలి. ఇళ్ళు, బడులు, గుళ్ళు, ఆసుపత్రుల వంటి వాటికి 50 మీటర్ల దూరంలో ఉండాలి. దుకాణాలు ఎదురెదురుగా ఉండరాదు. ఒకచోట 50 దుకాణాలకు మించరాదు. లోపల గాని, ఆ దూరం పరిధిలో గాని నూనె దీపాలు, గ్యాసు లైట్లు వెలిగించరాదు. కరెంటు బల్బులు గోడకో కప్పుకో బిగించి ఉండాలి తప్ప వైరుకు వేలాడరాదు. ప్రతి వరుసకూ ఒక మెయిన్ స్విచ్ ఉండాలి. దుకాణానికి 50 మీటర్ల లోపు ఒక్క టపాకాయ కూడా కాల్చి చూపరాదు.

యాభై మీటర్లంటే నూట అరవై అడుగుల పైమాట. టేపు లేకపోయినా ఫరవాలేదు. మామూలు మనిషి అంగలు డెబ్బై వేస్తే ఇంచుమించు తేలిపోతుంది. మన ఊళ్ళ బస్టాండు సెంటర్లలో, సంత వీధుల్లో ఇలా డెబ్బై అంగలు వేసి చూస్తే ఎన్ని దుకాణాలు నిలబడతాయో ఎవరికి వారే లెక్క తేల్చుకోవచ్చు.

ఏడాది పొడవునా అమ్మే పక్కా దుకాణం కూడా ఇటుక, రాయి, కాంక్రీటుతో కట్టినదై ఉండాలి. తలుపులు బయటికి తెరుచుకోవాలి. కిరాణా కొట్టు వెనుక గదిలోనో, మేడ మీద మంచం కిందనో, ధాన్యం గాదె పక్కనో నిల్వ చేయడం నేరం. చిన్న లైసెన్సు ఉన్న దుకాణంలో సైతం బాణసంచా 100 కిలోలకు, కాకరపువ్వొత్తులు, చిన్న సీమటపాకాయలు 500 కిలోలకు మించరాదు.

దూరం పాటించకపోతే ఏమవుతుందో 2022 అక్టోబరు 23న విజయవాడలో చూశాం. గాంధీనగర్ జింఖానా మైదానంలో బాణసంచా దుకాణాలు అంటుకుని ఇద్దరు మరణించారు. అగ్నిమాపక శకటాలు నిమిషాల్లో చేరుకోగల నగరం నడిబొడ్డున జరిగిన సంగతి అది. కాలవగట్టు మీద సన్నటి రోడ్డు తప్ప దారిలేని లంక గ్రామంలో అదే జరిగితే ఫైరింజను ఎప్పటికి చేరాలి?

నిప్పు అక్కర్లేని బాంబు

ప్రమాదాలన్నిటిలోకి ప్రమాదం ఉల్లిపాయ బాంబు. దీన్ని అంటించే పనిలేదు. గట్టిగా నేలకు కొడితే చాలు. ఆ కారణంచేతనే ఇది మోసుకెళ్ళే వాడికి మృత్యువు. 2024 అక్టోబరు 31న, సరిగ్గా దీపావళి నాడు, ఏలూరులో స్కూటరు మీద ఉల్లిపాయ బాంబుల సంచి తీసుకెళుతుంటే బండి గుంతలో పడి సంచి పేలింది. ఒకరు అక్కడికక్కడే మరణించారు. ఆరుగురు గాయపడ్డారు. ఆ మాత్రం గుంతలు లేని రోడ్డు మన మండలాల్లో ఎక్కడుంది?

క్లోరేటు, గంధకం కలిపిన మందు రాపిడికే పేలుతుంది. అందుకే ఆ రెండూ కలిపిన పేలుడు పదార్థాల తయారీని, నిల్వను, అమ్మకాన్ని, వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. బాణసంచాలో ఆర్సెనిక్, సీసం, పాదరసం, లిథియం, యాంటిమొని వాడరాదని 2017లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పేరూ, ఊరూ, చీటీ లేకుండా గోనె సంచుల్లో వచ్చే నాటు సరుకులో ఏమేమి కలిపారో చెప్పగలవారెవరు? ఇటువంటి సరుకును రైల్లోనో బస్సులోనో తీసుకెళ్ళడం తోటి ప్రయాణికులందరి ప్రాణాలతో చెలగాటమాడటమే.

కాల్చేవారికీ కట్టుబాట్లు

అమ్మేవారికే గాక కాల్చేవారికీ నిబంధనలున్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు పెద్ద శబ్దం వచ్చే టపాకాయలు కాల్చరాదని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. 2018 అక్టోబరు 23న ఇచ్చిన ఉత్తర్వులో దీపావళి రాత్రి 8 నుంచి 10 గంటల వరకే కాల్చాలని, కాలుష్యం తక్కువగా ఉండే సరుకే వాడాలని, ఒకదానికొకటి గుచ్చిన సరాలు తయారుచేయరాదని, ఆన్‌లైన్లో అమ్మరాదని నిర్దేశించింది. బేరియం లవణాలను నిషేధించింది. నిషేధించిన సరుకు అమ్మితే సంబంధిత పోలీసు స్టేషన్ అధికారే స్వయంగా బాధ్యుడవుతాడని కూడా అన్నది. శబ్దానికీ హద్దుంది. పేలే చోటికి నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెళ్ళు మించరాదు.

పచ్చ టపాకాయలని పిలిచే సరుకు పెట్టెల మీద నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థ గుర్తు, క్యూఆర్ కోడ్ ఉంటాయి. పొగ కొంత తగ్గినంత మాత్రాన ఇవి కాలవని కాదు, కాల్చవని కాదు. జాగ్రత్తలు వీటికీ తప్పవు.

మన పల్లెల్లో దీపావళి నాటికి సార్వా చేలు పండుతుంటాయి. కళ్ళాల్లో గడ్డివాములుంటాయి. పూరిళ్ళు ఇంకా ఉన్నాయి. దిక్కు తప్పిన తారాజువ్వ ఒక్కటి పడితే ఏడాది కష్టం, పశువుల మేత బుగ్గిపాలు. జువ్వలు, రాకెట్లు ఊరి బయట ఖాళీ మైదానంలో అందరూ కలిసి కాల్చుకోవడం అన్నివిధాలా మేలు. చూలు గేదెలను, కోళ్ళ షెడ్లను దృష్టిలో పెట్టుకుని శబ్దాలు తగ్గించుకోవాలి.

కాల్చేచోట రెండు బకెట్ల నీళ్ళు, ఇసుక ఉంచుకోవాలి. నూలు బట్టలు కట్టుకోవాలి. పేలని టపాకాయ దగ్గరకు వెళ్ళి వంగి చూడటం, ఊదడం, మళ్ళీ అంటించడం చేయరాదు. ఒళ్ళు కాలితే ఇరవై నిమిషాలపాటు చల్లటి మంచినీళ్ళు ధారగా పోయాలి. సిరా, పేస్టు, పసుపు పూయరాదు. కంటికి తగిలితే నలపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అగ్నిమాపక దళానికి 101, అంబులెన్సుకు 108 నంబర్లకు ఫోను చేయాలి.

కూలివారి మాటేమిటి?

మందుగుండు పనికి వెళ్ళేది ఎవరు? పొలం పనులు లేని రోజుల్లో పూట గడవని కూలీలు. వారిలో ఆడవాళ్ళే ఎక్కువ. అది ప్రమాదమని తెలియక కాదు, మరో దారి లేక వెళుతున్నారు. పేరు హాజరు పట్టీలో ఉండదు. బీమా ఉందో లేదో తెలియదు. పేలుడు జరిగితే మరణించినది ఎవరో గుర్తించడమే కష్టమైనప్పుడు, అక్కడ పనిచేస్తున్నట్లు రుజువు చేసుకోవడం ఆ కుటుంబానికి ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. ప్రభుత్వం ప్రకటించే సాయం చేతికి వచ్చినా తల్లిని పోగొట్టుకున్న పిల్లలకు తల్లి రాదు.

తయారీ కేంద్రాలన్నీ మూసివేయాలనడం సులువు. అలా చేస్తే పని ఆగదు. ఇళ్ళలోకి, తోటల్లోకి మరింత రహస్యంగా పాకుతుంది. లైసెన్సులో రాసిన బరువుకూ షెడ్డులోని బరువుకూ పొంతన ఉందో లేదో కాటా వేసి చూడటం, పనివారి పేర్లు పట్టీలో రాయించడం, బీమా రసీదు చూపితేనే లైసెన్సు పొడిగించడం అధికారులు చేయవలసిన పని. ఈ తనిఖీలు ఏడాదికి ఒకసారి గాక పెళ్ళిళ్ళ ముహూర్తాలు, జాతరలు, తీర్థాల ముందు కూడా జరగాలి. తనిఖీ తేదీ, అనుమతించిన సరుకు బరువు, పనివారి సంఖ్య తెలుగులో రాసి షెడ్డు బయట బోర్డు పెట్టిస్తే చదువువచ్చిన ప్రతివాడూ కాపలాదారే అవుతాడు.

గ్రామ పంచాయతీలు కూడా చొరవ తీసుకోవాలి. దీపావళికి నెల ముందే దుకాణాలకు ఊరి బయట స్థలం చూపాలి. సచివాలయం నోటీసు బోర్డు మీద ఈ నిబంధనలు అతికించాలి. ఊరి చివర తోటలో కొత్తగా షెడ్డు వేసి, తలుపులు మూసి, రాత్రిళ్ళు పని సాగుతుంటే మనకెందుకని ఊరుకోక తహశీల్దారుకో పోలీసులకో చెప్పాలి. అది చాడీ చెప్పడం కాదు. లోపల పనిచేస్తున్నది కూడా మన ఊరి ఆడపడుచులే.

రెవెన్యూ, పోలీసు, అగ్నిమాపక శాఖల అధికారులు ఈ ఏడాదైనా దుకాణాలకు అనుమతి కాగితం ఇచ్చే ముందు ఆ చోటికి వెళ్ళి యాభై మీటర్లు కొలిచి చూడాలని ప్రజలు కోరుతున్నారు.