కాలేయానికి కాపు.. వైరస్‌కు ఆసరా!

శరీరంలోని కణాలన్నింటిలోనూ ఉండే జన్యువులు దాదాపు ఒక్కటే. అయినా కాలేయ కణం చేసే పని వేరు, మెదడు కణం చేసే పని వేరు. ఏ జన్యువు ఎప్పుడు, ఎంత మేరకు పనిచేయాలో నియంత్రించే ఏర్పాటే ఇందుకు కారణం. అందులో మైక్రో ఆర్‌ఎన్‌ఏలది కీలక పాత్ర.

జన్యువులోని సమాచారం సందేశక ఆర్‌ఎన్‌ఏగా నకలై, దాని ఆధారంగా ప్రొటీన్‌ తయారవుతుంది. సుమారు 22 అక్షరాల నిడివి మాత్రమే ఉండే మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఆ సందేశానికి అతుక్కుని ప్రొటీన్‌ తయారీని అడ్డుకుంటుంది. అమెరికా శాస్త్రవేత్తలు విక్టర్‌ ఆంబ్రోస్‌, గ్యారీ రవ్‌కున్‌ 1993లో మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగులో దీనిని వెలుగులోకి తెచ్చారు. అది ఆ పురుగుకే పరిమితమైన వింతగా చాలామంది భావించారు. ఏడేళ్ల తర్వాత గానీ మనుషుల్లోనూ ఇవి ఉన్నట్లు తేలలేదు. వారిద్దరికీ 2024లో నోబెల్‌ బహుమతి లభించింది.

వీటిలో 'మిర్‌-122' కథ విచిత్రమైనది. కాలేయంలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలలో దాదాపు 70 శాతం ఇదే. కొవ్వు, కొలెస్ట్రాల్‌ వ్యవహారాలను అదుపులో ఉంచుతుంది. అయితే హెపటైటిస్‌-సి వైరస్‌ దీనినే ఆసరా చేసుకుంటున్నట్లు 2005లో స్టాన్‌ఫర్డ్‌ పరిశోధకులు వెల్లడించారు. ఇతర సందేశాలను అణచివేసే ఈ అణువు, వైరస్‌ ఆర్‌ఎన్‌ఏ మొదటి కొసకు మాత్రం రెండు చోట్ల అతుక్కుని, కణంలోని ఎంజైములు దానిని కొరికివేయకుండా కాపాడుతుంది. కాపలాదారే దొంగకు తలుపు తీసినట్లన్నమాట.

దీనిని అడ్డుకునేందుకు మిరావిర్సెన్‌ అనే ఇంజెక్షన్‌ రూపొందింది. 36 మందిపై జరిపిన ప్రయోగ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఎక్కువ మోతాదు పొందినవారి రక్తంలో వైరస్‌ సగటున వెయ్యో వంతుకు పడిపోయింది. కానీ మరో చిక్కు ఉంది. మిర్‌-122 లేకుండా పెంచిన ఎలుకల కాలేయంలో కొవ్వు పేరుకుని, చివరకు కణుతులు ఏర్పడినట్లు 2012లోనే తేలింది. మనుషుల కాలేయ క్యాన్సర్లలోనూ పలు సందర్భాల్లో దీని పరిమాణం తగ్గి కనిపిస్తుంది. శత్రువుకు ఆసరా అని దీర్ఘకాలం తొలగిస్తే కాలేయానికే ముప్పు రావచ్చు.

ఇంతలో వైరస్‌ పైనే నేరుగా పనిచేసే సోఫోస్బువిర్‌ వంటి మాత్రలు వచ్చాయి. సాధారణంగా 12 వారాలు వాడితే 90 శాతానికి పైగా రోగుల్లో వ్యాధి నయమవుతోంది. దీంతో మిరావిర్సెన్‌ అవసరం తగ్గిపోయింది. మన దేశంలో 2018లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం కింద ఈ చికిత్స ఉచితం. హెపటైటిస్‌-సికి టీకా లేదు. లక్షణాలు ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు కనుక రక్తపరీక్షే ఆధారం.