గ్రాము బంగారం ఎంత మేర పరుచుకుంటుంది?

‘వన్ గ్రామ్ గోల్డ్’ హారం కొన్నవాళ్లలో కొందరు అందులో నిజంగానే గ్రాము బంగారం ఉందనుకుంటారు. ఆ పేరు బరువుకు హామీ కాదు. చిన్న లెక్క వేసి చూడండి. అర మైక్రాన్ మందంలో పూత వేస్తే, గ్రాము బంగారం సుమారు 1000 చదరపు సెంటీమీటర్లకు సరిపోతుంది. అంటే ఏ4 కాగితం ఒకటిన్నర పైచిలుకు! మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇక మీ మెడలో ఉన్నదెంతో మీరే ఊహించుకోండి.

ఈ పూత కరెంటుతో వేస్తారు. బంగారు లవణం కలిపిన ద్రావణంలో రాగి లేదా ఇత్తడి నగను ముంచి మైనస్ తీగకు కలిపితే, ద్రావణంలోని బంగారం వచ్చి నగకు అంటుకుంటుంది. 1805లోనే ఇటలీ శాస్త్రవేత్త బ్రుగ్నాటెల్లి వోల్టా బ్యాటరీతో వెండి పతకాలకు ఇలా పూత వేశాడు. 1840లో ఇంగ్లండులో ఎల్కింగ్టన్‌లు పేటెంటు తీసుకున్నాక ఇది పెద్ద వ్యాపారమైంది. వాళ్ల పద్ధతికి ఆయువుపట్టు సైనైడ్. ఇప్పటికీ చాలాచోట్ల అదే వాడతారు. దానికి యాసిడ్ తగిలిందా, ప్రాణాలు తీసే వాయువు పుడుతుంది. గాలాడని చిన్న గదిలో రెండు డబ్బాలూ పక్కపక్కనే పెట్టుకుని పనిచేయడం మృత్యువుతో చెలగాటమే. బందరు పక్కన చిలకలపూడి నగల పేరు చెప్పుకుని మురిసిపోయే మనం, పూత పనివాళ్ల గురించి కూడా కాస్త ఆలోచించాలి.

కొన్నాళ్లకు నగ నల్లబడుతుందేం? అడుగునున్న రాగి మెల్లగా బంగారంలోంచి పైకి పాకుతుంది. దానికి అడ్డుగా మధ్యలో నికెల్ పొర వేస్తారు. పై పూత అరిగాక ఆ నికెలే కొందరికి మెడ మీద దురద, దద్దుర్లు తెస్తుంది. అందుకే కొనేటప్పుడు రంగు కాదు, ‘పూత ఎన్ని మైక్రాన్లు? నికెల్ ఉందా?’ అని అడగండి.

మీ ఫోన్‌లోని సిమ్ కార్డు మీద మెరిసే పసుపు ముక్క కూడా ఈ బాపతే. బంగారం తుప్పు పట్టదు కాబట్టి కనెక్షన్ తెగదు. అన్ని లోహాల్లోకీ కరెంటును బాగా పారనిచ్చేది వెండి కాబట్టి, పెద్ద స్విచ్చుల్లో దాని పూత వేస్తారు.

అన్నట్టు, వైట్ గోల్డ్ ఉంగరం కొన్నేళ్లకు పసుపు తిరిగితే షాపువాడు మోసం చేశాడని గొడవకు దిగకండి. పైన తెల్లగా మెరిసేది సాధారణంగా రోడియం పూత. అరిగితే మళ్లీ వేయించుకోవచ్చు.