పట్టుచీర మెరుపునకు మూల్యమెవరు చెల్లింతురు?

హైదరాబాదునుండి కర్నూలునకు పోవు 44వ జాతీయ రహదారిపై నున్న కొత్తకోట, వనపర్తి జిల్లాలో చేనేతకు పేరున్న పట్టణము. దానికి పొరుగుననే గద్వాల కలదు. నూలు ఒడలును, పట్టు అంచును, జరీ పైటయు గల గద్వాల చీరకు 2010వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. పెండ్లికైనను, వ్రతమునకైనను ఈ సీమలోని ఇండ్లలో ఆ చీరకే అగ్రస్థానము. కాని నూలునకును పట్టునకును నీటిలో గుణము వేరు. ఒకటి కుదించుకొనును, మరియొకటి మెరుపు గోల్పోవును. అంచురంగు ఒడలిమీదికి దిగునను భయమును కలదు. కావున ఆ చీరను చాకిరేవునకు పంపువారు లేరు. డ్రైక్లీనింగు, రోలింగు అని పలక కట్టిన దుకాణమునకు పంపుదురు. మూడునాళ్లకు చీర మడత నలుగక తిరిగివచ్చును. మనము డబ్బిచ్చి తెచ్చుకొందుము. ఆ దుకాణపు వెనుకగదిలో ఏమి జరిగినదని అడుగువారు అరుదు. నేడు మేము ప్రస్తావింపదలచినది ఆ వెనుకగదిని గూర్చియే.

కొంతకాలము క్రిందట ఈ ప్రాంతపు బజారులో అట్టి గది నొకదానిని మేము చూచితిమి. ముందు అద్దాల బీరువా, అందు వరుసగా పట్టుచీరలు. వెనుక కిటికీలేని చిన్నగది, పైన రేకులు. ఒక మూల తొట్టి, దానిలో చమురువాసన వేయు ద్రవము. నాలుగడుగుల దూరమున బొగ్గుల ఇస్త్రీపెట్టె. పని చేయుచున్న యువకుని ఆరోగ్యమెట్లున్నదని ప్రశ్నించితిమి. “ముందుగాల తల తిరిగేది సారూ, ఇప్పుడు అలవాటైంది” అని అతడు నవ్వుచు బదులు చెప్పెను. ఆ అలవాటే మాకు భయము గొల్పినది. ఆవిరి తగ్గుటచేత అతనికి వాసన తెలియకపోవుట లేదు. ముక్కు దానిని గుర్తించుట మానినది, అంతియే. వాసన తెలియనంతమాత్రమున అపాయము తొలగినదని యెంచుట పొరపాటు.

డ్రైక్లీనింగను పేరే లోకమును భ్రమింపజేయుచున్నది. ఇందు పొడితన మేమియు లేదు. నీటికి బదులు మరియొక ద్రవము కలదు. ఫ్రాన్సుదేశమున 19వ శతాబ్దమున జోలీ అను రంగులపనివాని యింట, బల్లపై పరచిన బట్టమీద దీపపు తైలము ఒలికి, ఒలికినంతమేర మరకలు తొలగిపోయెననియు, దానినుండియే ఈ వృత్తి పుట్టెననియు చెప్పుదురు. జిడ్డు నీటిలో కరుగదు, ఇట్టి ద్రవములలో కరుగును. రహస్యమంతయు నింతే. కాని బట్టయందలి జిడ్డును కరిగించు ద్రవము మన చర్మమందలి జిడ్డును కూడ కరిగించును. ఊపిరివెంట పోయి రక్తమున గలసి మెదడును మందగింపజేయును. తలనొప్పి, తలతిరుగుట, వాంతి, మత్తు దాని తొలిచిహ్నములు. పెక్కేండ్లు పీల్చినచో నరములకును, కొన్నిటివలన కాలేయమునకును మూత్రపిండములకును హాని కలుగును.

మన దేశమున చిన్న దుకాణములలో వాడబడునవి ముఖ్యముగా పెట్రోలు, మినరల్ టర్పెంటైను. పెద్ద యంత్రములున్నచోట పర్‌క్లోరోఎథిలీన్ అను ద్రవము. ఈ మూడింటి స్వభావమును పనివాడు వేర్వేరుగా నెరుంగవలయును.

పెట్రోలు సున్నకు దిగువన 40 డిగ్రీల చలిలో సైతము అంటుకొనగల ఆవిరిని విడుచును. దానితో బట్టలు శుభ్రము చేయుట ఏ కాలమందును క్షేమకరము గాదు. మినరల్ టర్పెంటైను కొంత మేలు. సుమారు 30, 40 డిగ్రీల వేడి తగిలినగాని దాని ఆవిరి అంటుకొనదు. కాని పాలమూరు ఎండలను మరువరాదు. వైశాఖమాసమున బయటనే 40 డిగ్రీలు దాటునపుడు, రేకులగదిలో ఎంతయుండును? శీతకాలమున నిరపాయమైన డబ్బా వేసవిలో పెట్రోలుడబ్బావంటిదే యగును. పెండ్లిళ్లు ముమ్మరముగా జరుగుటయు, చీరలు కుప్పలుగా వచ్చుటయు ఆ నెలలలోనే.

ఈ ఆవిరులన్నియు గాలికంటె బరువైనవి. పైకి లేచి పోవు, నేలబారున ప్రాకును. గడపదాటి ప్రక్కనున్న టీకొట్టు పొయ్యివరకు పోయి, అచ్చటి నిప్పును వెంటబెట్టుకొని వెనుకకు రాగలవు. నిప్పు లేకున్నను పట్టును, ఉన్నిని ఆ ద్రవములో గట్టిగా రుద్దినపుడు పుట్టు స్థిరవిద్యుత్తు మెరుపొక్కటి చాలును. తొలినాళ్లలో ఐరోపా, అమెరికాలలో ఈ దుకాణములు తగులబడుటకు ఇదియు నొక కారణము.

ఆ భయముచేతనే మండని ద్రవములను వెదకిరి. కార్బన్ టెట్రాక్లోరైడు అట్టిది. అది కాలేయమును చెరచుటయేగాక ఆకాశమందలి ఓజోనుపొరను హరించునని తెలియగా, 1987 నాటి మాంట్రియల్ ఒడంబడికను అనుసరించి మన దేశమును 2010 నాటికి ఇట్టి పనులయందు దాని వాడుకను మాన్పినది. పర్‌క్లోరోఎథిలీన్ మండదు, కాని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1995లో దానిని మనుష్యులకు కాన్సరు కలిగించు సంభావ్యత గల పదార్థములలో చేర్చినది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ డ్రైక్లీనింగునందు దానిని పదేండ్లలో దశలవారీగా మాన్పించు నిబంధనను 2024 డిసెంబరులో ప్రకటించినది. మండదు గదా యని దాని దాపున నిప్పుంచినచో, మొదటి ప్రపంచయుద్ధమున సైనికులను చంపిన ఫాస్జీను విషవాయువు దానినుండి పుట్టగలదు. నిప్పు లేని చోటనే దానిని వాడవలెను.

అయినచో చేయవలసినదేమి? మొదటిది, పెట్రోలు మానుట. రెండవది, గాలి. గోడకు నేలదాపున రంధ్రము చేసి ఆవిరిని బయటికి లాగవలెను. ఎదుటిగోడనుండి మంచిగాలి రావలెను. పైకప్పు పంకా ఆవిరిని గదియంతట చిలుకును గాని తొలగింపదు. లాగుపంకా మోటారు నిప్పురవ్వ పుట్టనిదై, ఆవిరిదారికి వెలుపల నుండవలెను. మూడవది, ఇస్త్రీపెట్టె, పొయ్యి, బీడీ, విద్యుత్తు మీటలు తొట్టియున్న గదిలో నుండరాదు. తడిసిన బట్టను ఆరుబయట నీడను పూర్తిగా ఆరవేసిన పిమ్మటనే ఇస్త్రీ చేయవలెను. ఇనుపతొట్టికి భూమితో తీగ సంబంధము కల్పింపవలెను.

నాలుగవది, ఒడలి రక్షణ. ముక్కునకు కట్టిన రుమాలు దుమ్మును ఆపును, ఆవిరిని ఆపదు. బొగ్గుపొడి గొట్టము గల ముసుగే అక్కరకు వచ్చును. పలుచని రబ్బరు తొడుగులు ఈ ద్రవములలో ఉబ్బి చెడును. నైట్రైలు తొడుగులు మేలు. ఐదవది, డబ్బాపై పేరు వ్రాసి బిగుతుగా మూయుట. త్రాగునీటి సీసాలో పోసి యుంచుట పసిబిడ్డలకు మృత్యువును సిద్ధపరచుటయే. తడిగుడ్డలను మూతగల ఇనుపడబ్బాలో వేయవలెను. మిగిలిన మడ్డిని మురుగుకాలువలో పోయరాదు. పెట్రోలు కాలువవెంట నిప్పును మోయును. పర్‌క్లోరోఎథిలీన్ నేలలోనికి దిగి బావినీటిని చెరచును. మరకలు తీయుటకు వాడు బ్లీచింగును ఆమ్లముతో కలిపినచో క్లోరిను విషవాయువు వెలువడును.

నిప్పు పుట్టినచో నీరు చల్లరాదు. నీటిపై తేలుచు పెట్రోలు మరింత వ్యాపించును. ఇసుక బకెట్లును, పొడి చిమ్ము యంత్రమును వాకిటనే యుంచవలెను. ఆవిరిచే సొమ్మసిల్లినవానిని ముందు బయటిగాలికి తేవలెను. కంట పడినచో పావుగంటసేపు నీటితో కడుగవలెను. ద్రవము మ్రింగినవానిచే వాంతి చేయింపరాదు, అది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయవచ్చును. తత్క్షణమే వైద్యుని యొద్దకు కొనిపోవలెను.

ఇవి గొప్ప వ్యయముతో గూడిన పనులు కావు. అయినను జరుగుటలేదేల? ఈ దుకాణములలో పెక్కింటిపై అధికారుల దృష్టి ప్రసరింపదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము యంత్రశక్తి యున్నచోట 10 మంది, లేనిచోట 20 మంది పనివారున్నగాని కర్మాగారముగా నెంచలేదు. 2020 నాటి వృత్తిభద్రతా స్మృతి ఆ సంఖ్యలను 20కిని, 40కిని పెంచినది. తండ్రి, కొడుకు, ఒక కూలివాడు పనిచేయు కొట్టునకు ఈ లెక్కలో చోటెక్కడ? పెట్రోలును విక్రయమునకు గాక ఉంచుకొనువారు సైతము అనుమతిలేక 30 లీటర్లకు మించి యుంచరాదని 1934 నాటి పెట్రోలియం చట్టము శాసించుచున్నది. కిక్కిరిసిన బజారును దగ్ధము చేయుటకు 30 లీటర్లు చాలును.

రజకసోదరుల లాండ్రీలకు నెలకు 250 యూనిట్ల విద్యుత్తును ఉచితముగా నిచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2021లో నిర్ణయించినది. అది ప్రశంసనీయము. ఆ విద్యుత్తుతోనే ఆవిరిని లాగు పంకాయు తిరుగగలదు, బొగ్గులపెట్టెయు తొలగగలదు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు జిల్లాల అధికారులును, అగ్నిమాపకశాఖవారును వేసవికి ముందు ఒక్కనాడు ఈ పనివారిని సమావేశపరచి కండ్లార చూపి నేర్పినచో నెంతయో మేలగును. ఈ ద్రవములు అమ్మువారు డబ్బాలపై హెచ్చరికలను తెలుగున ముద్రించుట విధిగా చేయవలయును.

చదువరులకును మా విన్నపమొకటి కలదు. ముహూర్తము రేపనగా చీరను నేడు పంపి, సాయంకాలమునకే కావలెనని నిర్బంధింపకుడు. మన తొందరయే ఆరని బట్టపై ఇస్త్రీపెట్టె పెట్టించుచున్నది. నీట నుదుకదగిన బట్టను నీటనే యుదికింపుడు. వచ్చిన చీరను వెంటనే బీరువాలో బంధింపక ఒక పూట గాలికి వ్రేలాడదీయుడు. దుకాణమునకు పోయినపుడు వెనుకగదికి గాలి యున్నదా యని అడుగుడు. ఉన్నచో పదిరూపాయలు హెచ్చుగా నిచ్చుటకు వెనుదీయకుడు. వేలు పోసి కొన్న చీరకు ఆ పది రూపాయలు భారమా? ఆ చీరను మెరిపించిన యువకుడు పదేండ్ల తరువాతను తలయెత్తి నడచుచు, తన బిడ్డల పెండ్లి కన్నులార చూడగలిగినప్పుడే ఆ మెరుపు మన యింటికి శుభము.