వినైల్ మీద మొండి మరకలు

లాంచీ సీట్ల వినైల్ తొడుగైనా, మా ట్రాక్టరు సీటైనా పి.వి.సి.యే. స్వతహాగా అది గట్టి పదార్థం. ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవం కలిపితేనే మెత్తబడుతుంది. గ్రీజు, రంగులు ఆ ద్రవంలో కరిగి లోపలికి దిగుతాయి. అందుకే పైపైన ఎంత రుద్దినా మరక వదలదు.

చాలామంది వెంటనే థిన్నరో, అసిటోనో అందుకుంటారు. అది మరకతోపాటు ప్లాస్టిసైజర్‌నీ లాగేస్తుంది. తొడుగు బిరుసెక్కి ఎండకు పగులుతుంది.

ముందు గోరువెచ్చని సబ్బునీళ్ళు, మెత్తని బ్రష్షు వాడి చూడండి. బూజు మచ్చలకైతే బాగా పలచన చేసిన బ్లీచింగ్ ద్రావణం ఓ మూల పరీక్షించి రాసి, వెంటనే కడిగెయ్యాలి. దాన్లో యాసిడ్ కలిపారో, క్లోరిన్ విషవాయువు పుడుతుంది!

అప్పటికీ పోని మరకను వదిలెయ్యడమే మేలంటాను. మరకపడ్డ తొడుగు తడిని ఆపుతుంది, పగిలింది ఆపదు.