సముద్రం లేని ఊరికీ ఈత కావాలి

పరిగి (మా విలేకరి): మన పరిగికి సముద్రం లేదు. ఉన్నదల్లా ఊరి చెరువు, మండలంలో పారే పెన్నా, జయమంగళి. వానలు బాగా కురిసిన ఏడే వాటిలో నీళ్లు కనిపిస్తాయి. ఎండిన చెరువును చూస్తూ పెరిగిన పిల్లలకు ఈత ఎలా వస్తుంది? చెరువు నిండిన సంవత్సరం వాళ్లే ముందుగా నీళ్లలోకి దూకుతారు. విహారయాత్రకనో, కార్తీక పౌర్ణమి స్నానానికనో బాపట్ల దగ్గరి సూర్యలంకకు, చీరాల దగ్గరి వాడరేవుకు వెళ్లినా అంతే.

వెనుకటి రోజుల్లో నడుముకు ఎండు సొరబుర్రలు కట్టి పిల్లలను మోటబావిలోకి దించేవారు. బోర్లు వచ్చాక బావులు పూడిపోయాయి. బావులతో పాటు ఈత కూడా పోయింది.

వెనక్కి లాగే నీరు

ఒడ్డుకు వచ్చిన అలల నీరు ఇరుకైన దారి చేసుకుని సముద్రంలోకి తిరిగి పోతుంది. ఆ దారిలో అలలు పెద్దగా విరగవు. చూసేవారికి అక్కడే నెమ్మదిగా ఉన్నట్లు తోస్తుంది. ప్రమాదమూ అక్కడే. ఆ నీరు మనిషిని కిందికి ముంచదు, లోపలికి లాగుకు పోతుంది. ఎదురీదితే అలసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగాలి. ఈదలేని వారు తేలి ఉండి, చెయ్యెత్తి కేకవేయాలి.

విశాఖ రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు లభించింది. ఈ గుర్తింపునకు కాపలా ఈతగాళ్లు గానీ, ప్రాణరక్షణ సామగ్రి గానీ ఉండటం ఒక షరతు. ఎక్కడైనా అలాంటి కాపలా ఉన్నచోటనే నీళ్లలో దిగడం మేలు. షికారు పడవ ఎక్కేవారు లైఫ్ జాకెట్ తొడిగితే చాలదు, పట్టీలన్నీ బిగించుకోవాలి.

చెరువులో గోతులు

చెరువులో అలలు లేవని ధీమా పనికిరాదు. మట్టి తవ్విన గోతులు నీళ్ల కింద కనబడవు. మోకాటి లోతున నడుస్తున్నవాడు మరుసటి అడుగులో మునిగిపోవచ్చు. తూము దగ్గర, పారే మరవ మీద అసలు దిగరాదు.

ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు బలికావడం తరచూ వింటున్నదే. ఈత రానివారు దూకవద్దు. తాడు, పంచె, చీర, పొడవాటి కర్ర అందించాలి. మూత బిగించిన ఖాళీ క్యాను విసిరినా పట్టుకుని తేలుతారు.

బయటకు తీసిన మనిషిని తలకిందులు చేయడం, కడుపు నొక్కడం తగదు. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊదాలి. ఆపై రొమ్ము మధ్య 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కడం, 2 సార్లు ఊదడం 108 వచ్చేదాకా ఆపరాదు.

ఐక్యరాజ్య సమితి 2021లో జులై 25ను నీట మునిగే మరణాల నివారణ దినంగా ప్రకటించింది. ఏటా ఆ రోజున ప్రతి బడిలో ఈ నాలుగు మాటలు చెప్పించాలి. చెరువు నిండిన ఏడు గోతులున్న చోట హెచ్చరిక బోర్డులు పెట్టి, ఒడ్డున ఒక తాడు ఉంచాలి. ఖర్చు స్వల్పం, దక్కేది ప్రాణం. పంచాయతీ, విద్యాశాఖ అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించగలరని ఆశిద్దాం.