ఒక్కరినే నమ్ముకొన్న పక్షి



జగ్గయ్యపేట, నందిగామ మెట్టచేలలో మిరప పండు కాలమునకు రామచిలుకల గుంపులు వచ్చి వాలుట మీరెరిగినదే. మనుష్యుని నోరు మండించు కారము పక్షికి సోకదు. అందుచే నవి యెర్రని కాయలను గింజలతో సహా నిశ్చింతగా తినును. ఆ గుంపును పరికించి చూడుడు. మేతయు, కాపలాయు, నిద్రయు నన్నియు పదిమందితోడనే. ఒంటరితనము చిలుకజాతికి పుట్టుకతో తెలియదు. నేటి ప్రసంగమునకు మూలమిదియే.

రామచిలుకను పట్టి పంజరమున నుంచుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. ఇంట పెంచదగినవి 'లవ్ బర్డ్స్' అని మనవారు పిలుచు బడ్జీలు, నెత్తిపై తురాయి గల కాకటీలు పక్షులు. ఈ రెండును ఆస్ట్రేలియా పొడినేలలలో గుంపులుగా దిరుగు జాతులే.

నందిగామలో నొక యింటి నూహించుకొనుడు. ఇంటర్మీడియట్ చదువుచున్న బాలిక యొక కాకటీలును పసితనము నుండి చేతితో మేపి పెంచినది. అది యామె భుజము దిగదు. తల్లి చేయి చాచిన బుసకొట్టును. తాతగారి వ్రేలు కొరుకును. బాలిక కళాశాలకు బోయినది మొదలు వచ్చువరకు నరచుచునే యుండును. ఇంటివారు "ఎంత ప్రేమయో!" యని మురియుచున్నారు. కాని జూన్ తరువాత నామె పై చదువులకు హైదరాబాదు పోవును. కాకటీలు 15, 20 ఏండ్లు బ్రతుకగలదు. ఆ పిమ్మట దాని గతియేమి? అట్టి యెడబాటులో కొన్ని పక్షులు మేత మానును. కొన్ని తమ యీకలను తామే పీకికొనును.

ఇట్లేల జరుగును? పసితనమున మనుష్యునే చూచి పెరిగిన పక్షి, పెద్దదైన పిమ్మట మనుష్యునే తన జాతిగా నెంచవచ్చునని ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు కాన్రాడ్ లోరెంజ్ 1935లో వివరించెను. గుంపు లేని పక్షికి ఆ యొక్కరే గుంపు, ఆ యొక్కరే జత. తక్కినవారు చేరవచ్చిన, జతను కాచుకొను పక్షివలె కరచును. అది పొగరు కాదు. కొంత భయము, కొంత స్వభావము. కావున దండనము పనికిరాదు. దాని గుంపును పెద్దది చేయుటయే యుపాయము.

మొదట మేత చేతులు మారవలెను. కాకటీలునకు కొర్రకంకి మిక్కిలి ప్రీతి. ఇకమీద దానిని బాలిక యీయరాదు. తల్లియు, తాతగారును మాత్రమే యీయవలెను. కొన్ని దినములు కంకిని పంజరపు కమ్మీలలో గుచ్చి దూరముగా జరిగిన చాలును. తరువాత కంకి కొసను పట్టుకొని కదలక నిలువవలెను. పక్షి తానై మెడ చాచువరకు చేయి ముందుకు పోరాదు. తురాయి వెనుకకు అణచి, నోరు తెరచి బుసకొట్టెనా, "ఇక చాలు" అని చెప్పుచున్నదన్నమాట. అప్పుడు చేయి తీసివేయుడు. ఆ మాట విన్నవారినే పక్షి నమ్మును.

రెండవది, చోటు మారవలెను. పంజరము పక్షికి సొంత యిల్లు. అందు చేయి పెట్టినవారిని కరచుట సహజము. తలుపులు, కిటికీలు మూసి, పంకా ఆపి, బాలికయే దానిని వేరొక గదిలోనికి దెచ్చి దించి, తాను వెడలిపోవలెను. అక్కడ తాతగారు పత్రిక చదువుకొనుచు ఊరక కూర్చుండినను మేలే. దినమునకు రెండుమారులు, పదేసి నిమిషములు చాలును.

మూడవది, బాలిక లాలన మానరాదు గాని తీరు మార్చుకొనవలెను. తలనే నిమురవలెను. వీపును, రెక్కల క్రిందను నిమిరినచో పక్షి దానిని జతకట్టు చేష్టగా గ్రహించును. అరచినంతనే పరుగున పోరాదు. అరుపు మాని నెమ్మదించిన క్షణమున పలుకరింపవలెను. ఇట్లు చేసినచో అరచుటవలన గాక, ఊరకుండుటవలన నామె వచ్చునని అది నేర్చుకొనును.

మచ్చిక చేయుటకై పక్షిని పస్తుంచరాదు. ఈకలు పీకికొనుటకు వ్యాధియు కారణము కావచ్చును. చిన్నపక్షి యొక దినము మేత మానినను ప్రమాదమే. అట్టి లక్షణములు కనబడిన వెంటనే పశువైద్యునికి చూపవలెను. పగలెల్ల నింట నెవరు నుండనిచో తోడుగా మరియొక కాకటీలును దెచ్చుట మంచిది. కాని కొత్తదానిని కొన్ని వారములు వేరుగా నుంచి, ఆరోగ్యము చూచుకొని పిమ్మటనే కలుపవలెను.

ఈ పని వారములో ముగియదు, నెలలు పట్టును. సంక్రాంతి వెళ్ళినది. జూన్‌కు నాలుగైదు నెలలున్నవి. నేడే మొదలిడినచో, బాలిక పెట్టె సర్దుకొను నాటికి పక్షి తల్లి చేతి కంకిని తినుచుండును. ఆమె లేని లోటు దానికి తోచకపోదు. కాని ఆ లోటును తీర్చు వేరొక భుజము ఆ యింట నుండును. మన ప్రేమ వలన పక్షికి మేలు కలుగవలెనన్న, ఆ ప్రేమను పదిమందికి పంచుట మన చేతిలోని పని.